పరిసరాలు మారినప్పుడు

శంషాబాదు విమానాశ్రయం 2008 మార్చిలో ప్రారంభమయింది. శంషాబాదు, మామిడిపల్లి, వాటి చుట్టుపక్కల పల్లెలు - వీటికి చెందిన నేల సుమారు 5,500 ఎకరాలు దాని ప్రహరీ లోపలికి వెళ్ళింది. అక్కడ ఇప్పుడు నాలుగు కిలోమీటర్లకు పైచిలుకు పొడవుగల రన్‌వే ఉన్నది. పదహారేళ్ళ తరువాత, 2024 ఏప్రిల్ చివరి రోజులలో, ఆ ఆవరణలోకి ఒక చిరుతపులి వచ్చింది. అది టిక్కెట్టు కొన్నదీ కాదు, తనిఖీకి వరుసలో నిలబడినదీ కాదు. గోడ దాటి వచ్చింది. అటవీశాఖవారు కెమెరాలు పెట్టి, బోనులు అమర్చి, మే మొదటి వారంలో దానిని పట్టుకొని నల్లమల అడవులకు చేర్చారు.

ఆ నాలుగు రోజులూ అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: చిరుతపులి ఇక్కడికి ఎట్లా వచ్చింది? నాకు మాత్రం మరొక ప్రశ్న తోచింది. అడవి తరిగి, పొలాలు ప్లాట్లయి, రాత్రి కూడా పగలువలె దీపాలు వెలిగే ఇటువంటి చోట అంత పెద్ద మృగం ఇంతకాలం ఎట్లా బ్రతకగలుగుతున్నది? పరిసరాలు మారినప్పుడు ప్రాణి ఏమి చేస్తుంది? ఈ సంగతిని గురించే నేడు నాలుగు మాటలు మనవి చేయదలచుకొన్నాను.

మామిడిపల్లి ప్రాంతపు నేల చాలా పాతది. అక్కడ కనిపించే బండలు, ఒకదానిమీద ఒకటి ఎవరో పేర్చిపెట్టినట్లుండే ఆ గుండ్లు, రెండువందల కోట్ల సంవత్సరాలకు పైబడిన వయస్సు గలవి. ఆ బండల సందులలో తంగేడు, సీతాఫలం, మోదుగ, తుమ్మ పెరిగినవి. పల్లంలో చెరువులు నిలిచినవి. నాలుగు నెలలు వానలు, మిగిలిన కాలమంతా పొడి. వేసవి వచ్చిందంటే బండ కాలి పెనమవుతుంది. ఇటువంటి చోట బ్రతకడం మొదటినుంచీ తేలిక కాదు. అయినా ప్రాణులు బ్రతికినవి. ఎందుకంటే ఎండా వానా ఏటేటా వచ్చేవే. వాటికి సర్దుకొనడానికి ప్రాణులకు కావలసినంత వ్యవధి దొరికింది.

సర్దుకొనడం ఎన్ని విధాలుగా ఉంటుందో ముందు చూద్దాం.

మొదటిది, చోటు విడిచి వెళ్ళిపోవడం. రెక్కలున్నవాటికి, కాళ్ళున్నవాటికి ఇది సాధ్యం. చెరువు ఎండితే కొంగ మరొక చెరువుకు పోతుంది. కాని పోవడానికి మరొక చెరువు ఉండాలి. ఆ చెరువు కూడా పూడిపోయి ఉంటే ఈ ఉపాయం పనికిరాదు.

రెండవది, ఉన్నచోటనే అలవాటు మార్చుకొనడం. చిరుతపులి చేస్తున్నది ఇదే. మనుషులు తిరిగే చోట అది పగలు పొదలలో, బండల సందులలో పడి ఉండి, రాత్రి బయలుదేరుతుంది. జింక దొరకకపోతే కుందేలు, కుందేలు దొరకకపోతే నెమలి, అదీ లేకపోతే ఊరికుక్క, మేక. దాని ఇంటిలో ఇది తింటాను, ఇది తినను అన్న పట్టింపు లేదు. పెద్దపులికి ఇట్లా సాగదు. దానికి పెద్ద అడవి కావాలి, పెద్ద వేట కావాలి. అందుచేతనే మన నగరాల అంచులలో చిరుత కనిపించినన్ని సార్లు పెద్దపులి కనిపించదు.

విమానాశ్రయాల చుట్టూ ఉండే బయలు పచ్చికలలో తరచుగా కనిపించే మరొక ప్రాణి తీతువు పిట్ట. దాని కూత అపశకునమని మనవాళ్ళు భయపడుతూ వచ్చారు గాని, నిజానికి అది తన గుడ్లకోసం పడే ఆందోళన. తీతువు చెట్టుమీద గూడు కట్టదు. నేలమీద చిన్న గుంట చేసి, నాలుగు రాళ్ళు పేర్చి, అందులో గుడ్లు పెడుతుంది. గుడ్డు మట్టిరంగులో, మచ్చలతో ఉండి రాళ్ళలో రాయివలె కలిసిపోతుంది. మండుటెండలో నేల కాలుతున్నప్పుడు ఈ పిట్ట నీటికి వెళ్ళి, పొట్ట కింది ఈకలు తడుపుకొని వచ్చి, ఆ తడితో గుడ్లను చల్లబరుస్తుంది. ఈ మధ్య ఊళ్ళలో డాబాల మీద కూడా తీతువులు గుడ్లు పెడుతున్నవి. బయలు నేల తగ్గితే డాబాయే బయలు అనుకొన్నవి కాబోలు.

మామిడిపల్లివంటి ఊళ్ళ చెరువులకు ప్రసిద్ధమైన చేప కొర్రమీను. తెలంగాణ రాష్ట్ర మత్స్యం ఇదే. వేసవిలో చెరువు అడుగంటి, నీరు బురద అయి, తక్కిన చేపలన్నీ తేలిపోయినప్పుడు కూడా కొర్రమీను బురదలో దూరి ప్రాణం నిలుపుకొంటుంది. దానికి మొప్పలతోపాటు తలలో గాలి పీల్చుకొనడానికి ప్రత్యేకమైన అర ఒకటి ఉన్నది. ఇంతవరకు చాలామంది ఎరిగినదే. ఎరగని సంగతి ఒకటి ఉన్నది. నిండు చెరువులో కూడా కొర్రమీను అప్పుడప్పుడు పైకి వచ్చి గాలి పీల్చుకొని తీరాలి. దానిని పైకి రానీయకుండా అడ్డుపెడితే, చేప అయి ఉండి, నీటిలోనే ఊపిరాడక చనిపోతుంది. గాలి పీల్చగల శక్తి వచ్చింది. దానితోపాటు గాలి లేనిదే బ్రతకలేని అవసరమూ వచ్చింది. పైకి వచ్చినప్పుడల్లా కొంగ కంటా, జాలరి కంటా పడే ప్రమాదం కూడా వచ్చింది. ప్రకృతిలో ఏ సర్దుబాటూ ఉచితంగా రాదు.

కప్పపిల్లల సంగతి ఇంకా విచిత్రం. వాననీటి మడుగులో పెట్టిన గుడ్లు పొదిగి తోకకప్పలవుతాయి. మడుగు నిండుగా ఉన్నంతకాలం అవి నిదానంగా పెరుగుతాయి. నీరు త్వరగా ఇంకిపోతుంటే, కొన్ని జాతులలో, ఆ తోకకప్పలు తొందరపడి, కాళ్ళు తెచ్చుకొని, ముందుగానే కప్పలై గట్టెక్కుతాయి. ప్రాణం దక్కుతుంది, ఒళ్ళు మాత్రం చిన్నదవుతుంది. చిన్న ఒళ్ళు గల కప్పకు శత్రువులూ ఎక్కువే, సంతానమూ తక్కువే. ఇక్కడ కూడా ధర చెల్లించక తప్పలేదు.

ఇవన్నీ ఒక ప్రాణి తన జీవితకాలంలోనే చేసుకొనే సర్దుబాట్లు. అయితే సర్దుకొనగల ఆ శక్తి, కొర్రమీను తలలోని ఆ అర, తీతువు గుడ్డు మీది ఆ మచ్చలు, ఎక్కడినుంచి వచ్చినవి? ఆ ప్రాణి కోరుకొన్నందువల్ల వచ్చినవా? అవసరం పడినందువల్ల వచ్చినవా?

ఇక్కడ మనలో చాలామంది పొరబడుతుంటారు. పార పట్టిన చేయి కాయలు కాస్తుంది. అది శరీరం చేసుకొన్న సర్దుబాటే. కాని ఆ రైతు కొడుకు పుట్టుకతోనే కాయలు కాసిన చేతులతో పుట్టడు. మన ఇళ్ళలో ఆడపిల్లలకు ఎన్ని తరాలుగానో చెవులు కుట్టిస్తున్నాము. ఏ పిల్లా చెవికి రంధ్రంతో పుట్టలేదు. బ్రతుకులో సంపాదించుకొన్న మార్పు సంతానానికి సంక్రమిస్తుందని 1809లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లామార్క్ వివరించాడు. వినడానికి ఎంతో న్యాయంగా కనిపించే మాట. మన చెవులే ఆ మాటను కాదంటున్నవి.

1858లో డార్విన్, వాలెస్ అనే ఇద్దరు ఆంగ్ల శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిన సమాధానం వేరు. ఒకే తల్లి బిడ్డలలో కూడా ఏ ఇద్దరూ అచ్చంగా ఒకటిగా ఉండరు. ప్రతి జాతిలోనూ చిన్న చిన్న భేదాలు మొదటినుంచే ఉంటాయి. పరిసరాలు మారినప్పుడు, ఏ భేదం ఆ కొత్త పరిస్థితికి కలిసివచ్చిందో, ఆ భేదం గల ప్రాణులు ఎక్కువగా బ్రతికి, ఎక్కువ సంతానాన్ని విడిచిపోతాయి. తరం తరువాత తరం ఆ భేదమే జాతిలో నిండుతుంది. దీనిని ప్రకృతి వరణం అన్నారు. ఇంటిలో జల్లెడ పట్టినట్లే అనుకోండి. జల్లెడ గింజను తయారుచేయదు. ఉన్న గింజలలోనుంచి వేరుచేస్తుంది. కంత మారితే మిగిలే గింజ మారుతుంది. జల్లెడ పట్టకముందే అటువంటి గింజ చాటలో లేకపోతే, జల్లించిన తరువాత మిగిలేదేమీ ఉండదు.

సర్దుకొనడంలో ఇది మూడవ విధం. దీనిని చేసేది ఒక ప్రాణి కాదు, తరాల తరబడి ఒక జాతి. దీనికి రెండు వస్తువులు కావాలి. ఒకటి, ముందుగానే జాతిలో ఉన్న వైవిధ్యం. రెండవది, తరాలు గడవడానికి కాలం.

ఈ సంగతి కంటికి కనిపించేటట్లు చూపిన ప్రాణి ఒకటి మన హైదరాబాదులోనే ఉన్నది. శంషాబాదు విమానాశ్రయం తెరవకముందు నగరపు విమానాలు బేగంపేటలో దిగేవి. ఆ పాత విమానాశ్రయానికి దగ్గరలోనే ఒక చిన్న భవనం ఉన్నది. అక్కడ 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఒక దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. దోమ ద్వారానే మలేరియా వస్తుందని తెలిసిన తరువాత దోమను చంపితే వ్యాధి పోతుందనే ఆశ కలిగింది. 1953లో మన దేశమంతటా జాతీయ మలేరియా నియంత్రణ పథకం మొదలయింది. ఇళ్ళ గోడలకు డి.డి.టి. చల్లారు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఏటా సుమారు ఏడున్నర కోట్ల మంది మలేరియా పాలబడుతుండేవారని అంచనా. 1965 నాటికి ఆ సంఖ్య లక్షకు దిగింది. ఇంతటి విజయం వైద్యచరిత్రలో అరుదు.

కాని 1976లో ఆ సంఖ్య మళ్ళీ 64 లక్షలకు ఎక్కింది. దీనికి కారణాలు అనేకం. నిఘా సడలింది, మందు సరఫరా కొరవడింది. వాటిలో ఒక కారణం మాత్రం దోమ చేసిన పని. మన గ్రామసీమలలో మలేరియాను వ్యాపింపజేసే ముఖ్యమైన దోమజాతి డి.డి.టి.ని తట్టుకొంటున్నదని 1959 నాటికే పశ్చిమ భారతంలో బయటపడింది.

దోమ డి.డి.టి.కి అలవాటు పడిందని మనం అంటాము. మాట వాడుకకు బాగానే ఉన్నది. జరిగింది మాత్రం అది కాదు. లెక్కకోసం ఒక ఊళ్ళో పదివేల దోమలు ఉన్నవనుకొందాం. వాటిలో ఏ పది దోమలకో, డి.డి.టి. అనే వస్తువు పుట్టకముందునుంచే, ఆ విషాన్ని ఒంటిలో విరగగొట్టగల గుణం ఉన్నది. మందు చల్లగానే 9,990 చచ్చినవి. పది మిగిలినవి. పోటీకి ఎవరూ లేరు, నీటిగుంటలన్నీ వాటివే. ఆడదోమ ఒక్కసారికి నూరు గుడ్లకు పైగా పెడుతుంది. వెచ్చని రోజులలో సుమారు పదిరోజులలో గుడ్డు దోమ అవుతుంది. తరువాత పుట్టిన దోమలన్నీ ఆ పదింటి వంశమే. చచ్చిన దోమ ఏమీ నేర్చుకోలేదు, బ్రతికినదీ కొత్తగా ఏమీ నేర్చుకోలేదు. జల్లెడ పట్టినది మనం.

ఈ లెక్కలకు గణితరూపం ఇచ్చినవారిలో ముఖ్యుడు జె.బి.ఎస్. హాల్డేన్. ఇంగ్లండులో కర్మాగారాల పొగకు చెట్ల బెరళ్ళు నల్లబడినప్పుడు ఒక జాతి తెల్లని రెక్కలపురుగుల స్థానంలో నల్లనివి పెరిగినవి. నల్ల బెరడు మీద నల్లపురుగు పక్షి కంటికి ఆనదు. ఆ మార్పు ఎంత వేగంతో జరిగిందో 1924లో హాల్డేన్ లెక్కకట్టి చూపాడు. 1956లో అక్కడ పొగను అరికట్టే చట్టం వచ్చి, గాలి తేటపడిన తరువాత, నల్లవి తగ్గి తెల్లవి మళ్ళీ పెరిగినవి. హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చి, 1961లో భారత పౌరసత్వం స్వీకరించారు. 1964 డిసెంబరు 1న భువనేశ్వరంలో కన్నుమూశారు. వైద్యవిద్యార్థుల చదువుకు ఉపయోగపడాలన్న ఆయన కోరికమేరకు ఆయన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు అప్పగించారు. తెలుగు నేలకు ఆయన చివరి బంధుత్వం అది.

మలేరియా మనుషులను కూడా జల్లెడపట్టి ఉంటుందని 1949లో సూచించినవారు ఆయనే. 1954లో ఆలిసన్ అనే వైద్యుడు తూర్పు ఆఫ్రికాలో దానికి సాక్ష్యం చూపాడు. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి వంగిపోయే సికిల్ సెల్ అనే లక్షణం ఒకటి ఉన్నది. తల్లిదండ్రులలో ఒక్కరినుంచి మాత్రమే ఆ జన్యువు వస్తే బిడ్డకు మలేరియానుంచి కొంత రక్షణ లభిస్తుంది. ఇద్దరినుంచీ వస్తే ఆ రక్షణ పోయి, అదే కఠినమైన రక్తవ్యాధి అవుతుంది. మలేరియా తరతరాలుగా పీడించిన మన ఆదిలాబాదు అడవులలో గోండులు, కొలాములు మొదలైన ప్రజలలో ఈ లక్షణం నేటికీ ఉన్నది. పూర్వీకుల ప్రాణం కాపాడిన ఏర్పాటుకు నేటి పసిబిడ్డలు ధర చెల్లిస్తున్నారు. కొర్రమీను విషయంలో వింతగా తోచిన సంగతి ఇక్కడ మనస్సును కలచివేస్తుంది.

ఇక మన రైతుల సంగతికి వస్తాను. ఈ కథ ఇంకా ముగియలేదు గనుక దీనిని కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది.

1987-88 పంటకాలంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు ఘోరంగా దెబ్బతిన్నారు. తెల్లదోమ, శనగపచ్చ పురుగు పైరును తినివేసినవి. అంతకు కొద్ది సంవత్సరాల ముందు పైరిత్రాయిడ్ జాతి మందులు కొత్తగా వచ్చి, మొదట అద్భుతంగా పనిచేసినవి. రైతులు వాటినే మళ్ళీ మళ్ళీ కొట్టారు. పురుగు చావకపోతే మోతాదు పెంచారు. అప్పటికీ చావకపోతే రెండు మందులు కలిపి కొట్టారు. మందు కల్తీది అన్నారు. కల్తీ ఎక్కడైనా ఉండవచ్చు. కాని మంచి మందుకు కూడా పురుగు చావడం లేదని పరీక్షలలో తేలింది. అప్పులపాలైన రైతులు కొందరు ప్రాణాలు తీసుకొన్నారు. దోమ కథే చేనులో మళ్ళీ జరిగింది.

2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. నేలలో ఉండే ఒక సూక్ష్మజీవి జన్యువును పత్తిలో ప్రవేశపెట్టగా, కాయతొలిచే పురుగుకు విషమయ్యే పదార్థాన్ని మొక్క తనంతట తానే తయారుచేసుకొన్నది. శనగపచ్చ పురుగు తగ్గింది. ఆ పురుగుకు కొట్టే మందులూ తగ్గినవి. 2006లో రెండు జన్యువులు గల రకం కూడా వచ్చింది. కాని శాస్త్రజ్ఞులకు వెనుకటి అనుభవం తెలుసు. ఒకే విషాన్ని ఊరంతా, ఏటేటా వాడితే, తట్టుకొనే పురుగు ఏదో ఒకనాడు బయలుదేరుతుంది. దానికి వారు ఒక ఉపాయం చెప్పారు. ఆ ఉపాయం నాకు చాలా అందమైనదిగా తోస్తుంది.

బీటీ పత్తి చేను చుట్టూ కొన్ని సాళ్ళు మామూలు పత్తి వేయాలి. ఆ సాళ్ళను పురుగుకు విడిచిపెట్టాలి. వినగానే రైతుకు నవ్వు వస్తుంది. పురుగును పెంచడానికి పంట వేయడమా అని. దీనిలోని కిటుకు ఇది. బీటీ చేనులో విషాన్ని తట్టుకొని బ్రతికేవి ఏ ఒకటి రెండో. అవి ఒకదానితో ఒకటి జతకూడితే పుట్టే సంతానమంతా విషాన్ని తట్టుకొంటుంది. పక్క సాళ్ళలో మామూలు పురుగులు వేలకొలది ఉన్నవనుకోండి. అప్పుడు ఆ ఒకటి రెండింటికీ జత దొరికేది ఆ మామూలువాటిలోనే. వాటికి పుట్టిన పిల్లలలో తట్టుకొనే గుణం సగపాలే ఉంటుంది; ఆ సగపాలు చాలక అవి బీటీ కాయ తిని చస్తాయి. మామూలు పత్తి సాళ్ళలో బ్రతికిన పురుగే ఈ విధంగా బీటీ చేనుకు కావలి కాస్తుంది.

ఆ మాట ప్రకారం 450 గ్రాముల బీటీ విత్తనంతోపాటు 120 గ్రాముల మామూలు పత్తి విత్తనం విడి పొట్లంగా కట్టి రైతులకు ఇస్తూ వచ్చారు. చాలామంది ఆ పొట్లాన్ని వేయలేదు. వారిని తప్పుపట్టడం తేలిక. రెండెకరాల చేనులో నాలుగు సాళ్ళు పురుగుకు వదిలిపెట్టే స్తోమత ఎంతమందికి ఉన్నది? తన సాళ్ళవల్ల లాభపడేది ఊరంతా, నష్టపడేది తానొక్కడే. వాననీటి పత్తిని ముగించవలసిన కాలంలో ముగించక, నీటితడి ఇచ్చి వేసవిదాకా లాగడం కూడా ఎక్కువయింది. పురుగుకు ఏడాది పొడవునా తిండి దొరికింది.

ఫలితం గులాబీరంగు పురుగు. శనగపచ్చ పురుగువలె ఇది అనేక పైరులమీద తిరిగేది కాదు. మన చేలలో దీనికి పత్తే ఆధారం. నెలకు కొంచెం అటూ ఇటూగా ఒక తరం గడుస్తుంది. తప్పించుకొని పోవడానికి మరొక పైరు లేదు గనుక, విషాన్ని తట్టుకొనే గుణం ఉన్నవే దక్కినవి. మొదటి రకం బీటీ పత్తిని ఈ పురుగు గుజరాతులో జయించినట్లు 2010 నాటికి తేలింది. 2015 తరువాత రెండు జన్యువుల రకం కూడా లొంగిపోయి, గుజరాతు, మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ చేలలో గుడ్డిపూలు కనిపించసాగినవి. పువ్వు విచ్చుకోదు, రేకులు ముడుచుకొని గులాబీ మొగ్గవలె ఉంటుంది. విప్పిచూస్తే లోపల పురుగు. కాయ పైకి నదురుగా ఉంటుంది. పగిలితే లోపల పుచ్చిన పత్తి. రంగారెడ్డి జిల్లా రైతులు కూడా దీనిని బాగా ఎరుగుదురు.

ఇదే కాలంలో చైనాలోని యాంగ్త్సీ నదీలోయలో మరొకటి జరిగింది. అక్కడి రైతులు ఖర్చు తగ్గించుకొనడానికి సంకర విత్తనపు రెండవ తరం గింజలు వేసుకోసాగారు. ఆ గింజలలో సుమారు నాల్గవ వంతు బీటీ గుణం లేనివి. అంటే ఎవరూ ఆజ్ఞాపించకుండానే ప్రతి చేనులోనూ మామూలు పత్తి మొక్కలు కలిసిపోయినవి. మొదట తలెత్తిన నిరోధం వెనక్కు తగ్గి, గులాబీరంగు పురుగు బీటీ పత్తికి మళ్ళీ లొంగిందని 2017లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అక్కడి పురుగూ ఇక్కడి పురుగూ ఒకే జాతి. తేడా అంతా చేనులో దానికి విడిచిన చోటులో ఉన్నది.

ఇప్పుడు మామిడిపల్లికి తిరిగి వద్దాం.

ప్రకృతి వరణానికి వైవిధ్యమూ కాలమూ కావాలని విన్నవించాను. కాలాన్ని మనం సంవత్సరాలలో లెక్కపెడతాము. జాతి తరాలలో లెక్కపెడుతుంది. విమానాశ్రయం తెరిచిన నాటినుంచి చిరుతపులి ప్రవేశించిన నాటివరకు పదహారేళ్ళు. ఆ పదహారేళ్ళలో దోమకు వందల తరాలు గడిచినవి. చిరుతపులికి గడిచినవి నాలుగైదు. పిల్ల పెద్దదై సంతానం కనడానికి దానికి రెండు మూడేళ్ళు పడుతుంది. ఈతకు పుట్టేవి రెండో మూడో. 

అందుచేత మనం ఎంత తొందరగా, ఎంత తీవ్రంగా పరిసరాలను మార్చితే, అది అంతగా కలిసివచ్చేది త్వరగా పుట్టి, త్వరగా చచ్చి, వందలకొలది గుడ్లు పెట్టే ప్రాణులకు. దోమకు, పురుగుకు, రోగక్రిమికి. చిరుతకు, చెట్టుకు, కొర్రమీనుకు ఆ వేగం అందదు. వాటి దగ్గర ఉన్నదల్లా పూర్వం ఎప్పుడో సంపాదించుకొన్న సర్దుబాట్ల మూట. ఆ మూట విప్పుకొని కొంతకాలం లాగుతాయి. చిరుత రాత్రిపూట నడుస్తుంది. తీతువు డాబా ఎక్కుతుంది. వాటిని చూసి, ప్రాణులు దేనికైనా అలవాటుపడతాయిలే అని మనం నిశ్చింతపడతాము. కొర్రమీను ఎండిన చెరువులో ఒక వేసవి ఓర్చగలదు. కాంక్రీటు పోసిన చెరువులో ఏ వేసవీ ఓర్చలేదు.

నగరం పెరగకూడదని గాని, విమానాలు ఎగరకూడదని గాని నేను అనడంలేదు. విమానాశ్రయంలోకి పక్షులూ మృగాలూ రావడం వాటికీ ప్రమాదం, మనకూ ప్రమాదం, రాకుండా చూడవలసిందే. నేను అడిగేది పత్తిచేను చుట్టూ విడిచిన ఆ నాలుగు సాళ్ళను గురించి. పురుగుతో పోరాడే చోటనే పురుగుకు కొంత చోటు విడిచిపెట్టడం లాభమని చేను నేర్పింది. ఆ న్యాయాన్ని పొలిమేరకు కూడా వర్తింపజేసి చూడవచ్చు. ఒక చెరువును చెరువుగా, దాని ఎగువ కాలువను కాలువగా ఉండనివ్వడం. ప్లాట్ల నడుమ ఒక గుట్టను పగలగొట్టకుండా, తంగేడుతో, సీతాఫలంతో సహా విడిచిపెట్టడం. దోమకు మందు కొట్టేముందు డాబామీది నీటితొట్టికి మూత ఉన్నదా లేదా అని చూసుకొనడం. ఇవేవీ పెద్ద పనులు కావు. కాని ఆ 120 గ్రాముల పొట్లం కూడా పెద్దది కాదు.

ఈ రాత్రి మీ ఇంటిమీదుగా తీతువు కూసుకొంటూ పోతే అపశకునమని భయపడవద్దు. అది తన గుడ్లకు చోటు వెతుక్కొంటున్నదేమో.